లాయం నుంచి కోట దాకా: మార్విట్స్ దొర వెనక నాలుగు రోజులు

గురువారం

మా మావయ్య బెర్లిన్ వచ్చి పది రోజులైంది. డిప్యూటీ తహసీల్దారుగా రిటైరైన మనిషి. బ్రాండెన్‌బుర్గ్ గేటు చూపించాను, గోడ ముక్కలు చూపించాను, పార్లమెంటు మీది గాజు గుమ్మటం ఎక్కించాను. అన్నిటికీ "బాగుందిరా" అన్నారు. ఉప్పు తక్కువైన పప్పుకి కూడా మావయ్య ఆ మాటే అంటారు. ఆయన నిజంగా కళ్లప్పగించి చూసింది ఒక్కటే. ఒకరోజు రైలు ఊరు దాటగానే కిటికీకి అతుక్కుపోయి, "ఒరేయ్, గట్లేవిరా?" అన్నారు.

నిజమే, బెర్లిన్‌కి తూర్పున పొలాలకి గట్లుండవు. కనుచూపు మేర ఒకటే చెక్క, ఒకటే పైరు. "ఇదంతా ఒక్కడిదేనా? ఒక్కడిదైతే వాడి చేతికెలా వచ్చింది?" రెవెన్యూ బుర్ర, ఊరుకోదు. ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతుంటే నాకు తట్టిన పేరు ఫ్రీడ్రిష్ ఆగస్ట్ లుడ్విగ్ ఫాన్ డెర్ మార్విట్స్. 1777లో పుట్టి 1837లో పోయిన మనిషి, ప్రష్యా అనే అప్పటి జర్మన్ రాజ్యంలో గుర్రపుదళం అధికారి, ఫ్రీడర్స్‌డార్ఫ్ అనే ఊరికి దొర. ప్రభుత్వం తెస్తున్న భూసంస్కరణలు తప్పని రాజుకే అర్జీ పెట్టి జైలుకెళ్లాడు. నాకు ఆయనంటే ఇష్టం లేదు. కానీ ఆయన గురించి ఎక్కడ ఏది కనపడినా చదవకుండా వదల్లేను. ఏసు ఆరోహణ పండగకి గురువారం సెలవు, శుక్రవారం నేను లీవు పెట్టాను, శని ఆదివారాలు ఎలాగూ ఉన్నాయి. ఆయన తిరిగిన చోట్లు చూసొద్దామంటే మావయ్య మొదటిసారి హుషారుగా లేచారు.

పొద్దున్నే జాండార్మెన్‌మార్క్ట్‌కి వెళ్లాం. రెండు చర్చిలు, మధ్యలో కచేరీ హాలు, చుట్టూ ఖరీదైన హోటళ్లు. బెర్లిన్‌లో అందమైన చౌకు ఇదేనంటారు. ఆ పేరు వెనక ఉన్నది మాత్రం గుర్రాల పేడ. జాండార్మ్ అనే గుర్రపుదళం లాయాలు 1736 నుంచి 1773 దాకా ఇక్కడే ఉండేవి. లాయాలు పోయాయి, దళం పోయింది, పేరు ఉండిపోయింది. మార్విట్స్ చేరింది ఈ దళంలోనే, 1790లో, పదమూడేళ్లకి. వాళ్ల వంశంలో అందరూ అంతే. మీసం రాకముందే గుర్రమెక్కాలి.

"పదమూడేళ్లకి ఉద్యోగమా! సర్వీసు ఎన్నాళ్లొచ్చిందిరా?" అన్నారు మావయ్య. మధ్యలో రాజీనామాలున్నాయని చెప్పాను.

ఆయన జ్ఞాపకాల్లో ఒక ఘట్టం నాకు బాగా ఇష్టం. 1785లో, ఎనిమిదేళ్లప్పుడు, బెర్లిన్ వీధిలో ముసలి రాజు ఫ్రెడెరిక్ గుర్రం మీద వస్తుంటే చూశాడు. వీధి నిండా జనం, అందరూ టోపీలు తీసి, చడీచప్పుడు లేకుండా నిలబడ్డారట. రాజు చెల్లెలి ఇంటికెళ్లి, లోపలికి పోయాడు. అంతే. బాజాలు లేవు, తుపాకులు పేలలేదు, ఏమీ జరగలేదు. డెబ్బై మూడేళ్ల ముసలాయన, మాసిన బట్టలతో, దుమ్ము కొట్టుకుని, రోజువారీ పని చూసుకుని ఇంటికొచ్చాడు, అంతే కదా అని మార్విట్స్ తనే రాస్తాడు. రాజంటే అలా ఉండాలన్నది ఆ రోజే ఆయన గుండెల్లో దిగిపోయింది. తర్వాత వచ్చిన రాజులెవరూ ఆ కొలతకి సరిపోలేదు. నన్నడిగితే ఆయన జీవితంలో సగం తగువు అక్కడే మొదలైంది.

జాండార్మ్ దళం చివరి రోజులు సిగ్గుపడాల్సిన కథ. 1806 వేసవిలో ఆ కుర్ర అధికారులు మార్టిన్ లూథర్ మీద వచ్చిన నాటకాన్ని ఎగతాళి చేస్తూ, ఎండాకాలంలో మంచుబండికి చక్రాలు కట్టి, వేషాలేసుకుని బెర్లిన్ వీధుల్లో ఊరేగారు. ఫ్రెంచి రాయబారి ఇంటి మెట్ల మీద కత్తులు నూరారని కూడా చెప్పుకుంటారు. రెండు మూడు నెలలు తిరక్కుండా, అక్టోబరు 14న, యేనా దగ్గర నెపోలియన్ ప్రష్యా సైన్యాన్ని తుక్కు చేశాడు. మార్విట్స్ అప్పటికి దళంలో లేడు. 1802లోనే రాజీనామా ఇచ్చి వ్యవసాయానికి వెళ్లిపోయాడు. యుద్ధం రావడంతో మళ్లీ చేరి, యేనాలో సేనాపతి హోహెన్‌లోహె పక్కన సహాయకుడిగా ఉన్నాడు. అదే హోహెన్‌లోహె రెండు వారాలకి ప్రెన్స్‌లౌ దగ్గర ఆయుధాలు దించేశాడు.

1802 అనగానే మావయ్య ఆగారు. "మన దగ్గర పర్మనెంట్ సెటిల్మెంటు రెగ్యులేషన్ ఏడాది" అన్నారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇంగ్లీషువాళ్లు జమీందార్లకి సనదులిచ్చి కూర్చోబెట్టిన ఏడాది అది. అమ్మమ్మ వాళ్ల ఊరు చల్లపల్లి జమీ కిందిది. అక్కడ శిస్తు కట్టించుకునే మనిషి కుర్చీలో కూర్చున్న ఏడాదే ఇక్కడ ఈయన కత్తి పక్కన పెట్టి పొలానికి వెళ్లాడన్నమాట. రెండింటికీ సంబంధం లేదని నాకూ తెలుసు. మావయ్యకి మాత్రం అప్పట్నుంచి మార్విట్స్ మన దొరైపోయాడు.

మధ్యాహ్నం ఓస్ట్‌క్రాయిట్స్‌లో తూర్పు రైలెక్కాం. ఆరోహణ రోజే ఇక్కడ మగవాళ్ల పండగ. బండ్లలో బీరు పెట్టెలు తోసుకుంటూ అడవుల్లో తిరుగుతారు. మా పెట్టెలో పద్నాలుగు మంది, ఒక స్పీకరు. మావయ్య పులిహోర డబ్బా తీస్తే ఒక కుర్రాడు వాసన చూసి చెయ్యి చాపాడు. పెట్టారు. రైలు ఆలస్యమై వెర్బిగ్‌లో మారాల్సిన బండి తప్పిపోయింది. ఒక లైను కింద, ఒక లైను దాని మీంచి వెళ్లే స్టేషను అది. మేం కింద నుంచి పైకి పరిగెత్తేసరికి మా బండి తోక కనిపించింది. గంట సేపు మేం, రెండు కాకులు. సేలోలో పెన్షన్ చేరేసరికి చీకటి పడింది. పెన్షన్ అంటే ఇక్కడ చిన్న బస. మావయ్య బోర్డు చూసి నవ్వు ఆపుకోలేకపోయారు.

శుక్రవారం

సేలో నుంచి ఫ్రీడర్స్‌డార్ఫ్ ఐదు కిలోమీటర్లు. పండగ మర్నాడు కావడంతో బస్సు నమ్ముకునేలా లేదు. మావయ్యే నడుద్దామన్నారు. రోడ్డుకి రెండు వైపులా ఆవ జాతి చేలు విరగబూసి, కళ్లు మిరుమిట్లు గొలిపే పసుపు. ఆయన దిగి పిడికెడు మన్ను తీసి నలిపారు. "ఇసక పాలు ఎక్కువ. నీళ్లు నిలవవు." ఈ బ్రాండెన్‌బుర్గ్ ప్రాంతాన్ని పాత జర్మన్ సామ్రాజ్యపు ఇసకపెట్టె అని ఎగతాళి చేసేవాళ్లని చెప్పాను. "అందుకే ఎక్కువ ఎకరాలు కావాలి. మన కృష్ణ ఒండ్రులో పదెకరాలు చాలు, ఇక్కడ వెయ్యి కావాలి." రెండు వందల ఏళ్ల చరిత్రని ఆయన ఒక్క పిడికిట్లో తేల్చేశారు.

ఊరు ఒక వీధి. చర్చికి తాళం. గేటు మీద చీటీలో తాళంచెవి ఏ ఇంట్లో ఉంటుందో రాశారు. ఆ ఇంటి ముసలావిడ చేతులకి పిండి తుడుచుకుంటూ వచ్చి తెరిచింది. ఇద్దరు ఇండియన్లు మార్విట్స్ కోసం నడిచొచ్చారంటే నమ్మలేదు. నా మొహం, మావయ్య మొహం మార్చి మార్చి చూసింది.

లోపల చల్లగా, సున్నం వాసన. పెద్ద పెద్ద సమాధి శిల్పాలు, చెక్కడాలు, పేర్లు. చర్చి అంటే దేవుడికి అనుకుంటాం. ఇక్కడ దేవుడు అద్దెకున్నట్టు ఉంటాడు. నేను వచ్చింది ఒక్క వాక్యం కోసం. మన మార్విట్స్ తన పెదనాన్నకో బాబాయికో వేయించిన మాట అది, మన భాషలో తేడా చెప్పాలి కదా, వాళ్లకి అన్నిటికీ ఒకటే మాట. యోహాన్ ఫ్రీడ్రిష్ అడోల్ఫ్ గురించి ఆ రాత ఇలా ఉంటుంది: ఫ్రెడెరిక్ వీరకాలాన్ని చూశాడు, ఆయన యుద్ధాలన్నిటిలో ఆయన పక్కన పోరాడాడు, విధేయత గౌరవం తేని చోట రాజాగ్రహాన్ని కోరుకున్నాడు.

కథ ఇది. ఏడేళ్ల యుద్ధంలో, 1760లో, శత్రుసైన్యాలు బెర్లిన్ మీద పడి షార్లొటెన్‌బుర్గ్ రాజభవనాన్ని దోచాయి. అందులో సాక్సనీవాళ్లూ ఉన్నారు. రాజుకి ఒళ్లు మండింది. మర్నాటి ఏడు సాక్సనీ పాలకుడి వేటభవనం హుబర్టుస్‌బుర్గ్‌ని దోచి రమ్మని జాండార్మ్ దళం నాయకుడైన ఈ అడోల్ఫ్‌ని పంపబోయాడు. అది కిరాయి దండులో అధికారికి తగిన పని, జాండార్మ్ దళపతి చేసే పని కాదని ఆయన తెగేసి చెప్పాడు. రాజు ఆ పని ఇంకొకడితో చేయించాడు, అడోల్ఫ్ మీద చిన్నచూపు పెట్టుకున్నాడు. అడోల్ఫ్ కొలువు వదిలి వచ్చేశాడు. 1944లో హిట్లర్‌ని చంపబోయి ఉరికంబమెక్కిన అధికారుల గురించి మాట్లాడేటప్పుడు జర్మన్లు ఈ రాతనే ఎత్తుకుంటారు. ఆ చివరి ముక్క జర్మన్‌లో ఏడు మాటలు. నోట్లో పెట్టుకుంటే గులకరాళ్లలా ఉంటాయి.

నేను కొంచెం గొంతు సవరించుకుని, నాటకంలోలా అనువదించి వినిపించాను. మావయ్య శ్రద్ధగా విన్నారు. జేబురుమాలుతో మొహం తుడుచుకున్నారు.

"బానే ఉంది. చెయ్యనని ఇంటికొచ్చేశాడు. రావడానికి ఇల్లుందిగా."

"అంటే?"

"ఈ ఊళ్లో రైతు చెయ్యనంటే ఎక్కడికి పోతాడురా?"

ఎక్కడికీ పోలేడు. అదే ఇక్కడి ఏర్పాటు. దొర పొలం దున్నడానికి రైతు తన ఎద్దులూ, గుర్రాలూ, నాగలీ తీసుకుని వారంలో కొన్ని రోజులు రావాలి. జత లేనివాడు ఒట్టి చేతులతో రావాలి. కూలి ఉండదు, లెక్క మాత్రం ఉంటుంది. పిల్లలు ఈడొచ్చాక దొర ఇంట్లో పనికి కుదరాలి. పెళ్లికి దొర అనుమతి. ఊరు వదలాలన్నా అనుమతే. కాదన్నవాడి మీద తగువు వస్తే విచారించే కోర్టు కూడా దొరదే. జడ్జికి జీతం ఆయనదే. చర్చిలో పాదిరిని పెట్టేదీ ఆయనే. 1848 విప్లవం తర్వాత గానీ ఆ దివాణం కోర్టు పోలేదు. ఊరి పోలీసు అధికారం 1872 దాకా నడిచింది.

"వెట్టి" అన్నారు మావయ్య. అనువాదం అక్కర్లేదు.

చర్చి పక్కన దొరగారి సమాధి, ఇటూ అటూ ఇద్దరు భార్యలు. మొదటావిడ ఫానీ, బ్రూల్ ప్రభువు కూతురు. 1803లో పెళ్లి, 1804లో చనిపోయింది. ఆవిడ అక్క మరీ తర్వాత క్లౌజెవిట్స్‌ని చేసుకుంది, యుద్ధశాస్త్రం రాసిన ఆయన్నే. ఫానీ రాయి మీద మార్విట్స్ రాయించిన మాటని 'ఇక్కడ నా భాగ్యం ఉంది' అనొచ్చు. ఆ జర్మన్ మాటకి సంతోషం, అదృష్టం, భాగ్యం మూడూ వస్తాయి. మావయ్య అక్కడ చెప్పులు విప్పి నిలబడ్డారు. అత్తయ్య పోయి నాలుగేళ్లు. నేను కొంచెం దూరంగా వెళ్లి ఫోన్ చూసుకున్నాను.

తర్వాత దివాణం చూద్దామన్నారు. లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతింది, ఆపైన కూల్చేశారు. అక్కడ ఇప్పుడు చెట్లూ గడ్డీ. పాత ధాన్యం కొట్టు ఒకటి మిగిలి కళా ప్రదర్శనలకి పనికొస్తోంది. భూమి సంగతి మావయ్య వదల్లేదు, తాళంచెవి ఆవిడనే అడగమన్నారు. ఆవిడ చెప్పింది, నాకు తెలిసిందీ కలిపి ఆయనకి అప్పగించాను. 1945 సెప్టెంబరులో రష్యన్ల ఏలుబడిలో వంద హెక్టార్లు, అంటే దగ్గర దగ్గర 250 ఎకరాలు, దాటిన ఎస్టేట్లన్నీ పైసా నష్టపరిహారం లేకుండా తీసేసుకున్నారు. దొరల భూమి రైతు చేతికి అని నినాదం. ముక్కలు చేసి కూలీలకీ, తూర్పు నుంచి తరిమితే వచ్చిన కాందిశీకులకీ పంచారు. 1960 వచ్చేసరికి ఆ ముక్కలన్నీ సహకార క్షేత్రాల్లో కలిపేశారు. గోడ కూలాక ఆ సహకార క్షేత్రాలు పెద్ద కంపెనీ సేద్యాలయ్యాయి. 1945 స్వాధీనాలని మాత్రం తిరగదోడలేదు. మార్విట్స్ వంశంలో ఒకాయన 1990లో పశ్చిమం నుంచి తిరిగొచ్చి ఇదే ఊళ్లో మళ్లీ సేద్యం మొదలుపెట్టాడు.

"అదన్నమాట" అన్నారు మావయ్య, పసుపు చేల వైపు చూస్తూ. "గట్లు దొరలు పీకలేదు. పంచినవాళ్లే పీకారు."

సగం నిజం. మిగతా సగం కోసం రేపు ఇంకో ఊరు వెళ్లాలి. దార్లో మన సీలింగు చట్టం గురించి క్లాసు చెప్పారు. 1973 చట్టం, మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54. బినామీల పేర్లు ఎలా రాయించేవారో, కుక్కల పేర్లూ పిల్లుల పేర్లూ ఎలా ఎక్కేవో. ఐదు కిలోమీటర్లు ఎలా గడిచాయో తెలీలేదు. మడమ బొబ్బ మాత్రం తెలిసింది.

శనివారం

పొద్దున సేలో గుట్ట ఎక్కాం. 1945 ఏప్రిల్ 16 తెల్లవారుజామున రష్యన్ సైన్యం ఓడర్ నది లోయలోంచి ఈ గుట్టల మీదికి విరుచుకుపడింది. నాలుగు రోజుల యుద్ధం, ఆ తర్వాత బెర్లిన్ దాకా అడ్డు లేదు. పైన కంచు సైనికుడు, కింద వరసగా సమాధులు. ఎక్కువసేపు ఉండలేకపోయాం. కింద లోయని మాత్రం చాలాసేపు చూశాం. ఫ్రెడెరిక్ 1747 నుంచి ఆరేళ్లలో కాలవలు తవ్వించి, చిత్తడిని పొలంగా మార్చిన నేల అది. మావయ్యకి అక్కడ కొల్లేరు గుర్తొచ్చింది.

అక్కడి నుంచి టాక్సీలో నాయ్‌హార్డెన్‌బెర్గ్. తెల్లటి రాజభవనం, చర్చి, రెండూ షింకెల్ అనే గొప్ప వాస్తుశిల్పి చేతి గీతలు, పక్కనే పార్కు. ఈ ఊరు పేరు మూడుసార్లు మారింది. మొదట క్విలిట్స్. 1759లో కూనర్స్‌డార్ఫ్ యుద్ధంలో ఓడిపోయి ప్రాణాల మీదికి తెచ్చుకున్న ఫ్రెడెరిక్‌ని ప్రిట్‌విట్స్ అనే గుర్రపుదళం కెప్టెన్ తప్పించాడు. యుద్ధం ముగిశాక రాజు ఆయనకి ఈ ఎస్టేటు ఇచ్చాడు. గుర్రం, కత్తి, దానికి బదులు ఊరు. మన ఇనాము లెక్కే. 1814లో అదే ఊరు ప్రధానమంత్రి హార్డెన్‌బెర్గ్‌కి బహుమానమై ఆయన పేరు పెట్టుకుంది. తూర్పు జర్మనీ కాలంలో మార్క్స్‌వాల్డె. గోడ పడ్డాక మళ్లీ పాత పేరు.

హార్డెన్‌బెర్గే మార్విట్స్‌కి బద్ధవిరోధి. నెపోలియన్ చేతిలో దెబ్బతిన్న రాజ్యం నిలబడాలంటే రాజరికంలో ప్రజాస్వామ్య సూత్రాలు తేవాలని 1807లోనే రాసిన మనిషి. అదే ఏడాది అక్టోబరు 9 శాసనంతో, పెళ్లికీ ఊరు వదలడానికీ దొర అనుమతి అడిగే కట్టుబాటుకి గడువు పెట్టారు, 1810 నవంబరు నుంచి ప్రష్యాలో స్వేచ్ఛ లేని రైతు ఉండడని. ఎవరైనా భూమి కొనొచ్చు, ఎవరైనా ఏ వృత్తయినా చెయ్యొచ్చు. మార్విట్స్ దృష్టిలో అది రాజ్యానికి పునాది తవ్వేయడం.

చర్చి లోపల, బల్లపీఠం వెనక, హార్డెన్‌బెర్గ్ గుండెకాయ ఉంది. నిజం గుండెకాయే. 1822లో ఇటలీలోని జెనోవాలో చనిపోతే గుండె ఇక్కడ పెట్టారు. గైడు చెబుతుంటే మావయ్య నా చెవిలో, "ఫ్రీడర్స్‌డార్ఫ్‌లో దేవుడు అద్దెకుంటే, ఇక్కడ ఈయన గర్భగుడిలోనే దిగాడు" అన్నారు. నా మాట నాకే అప్పజెప్పారు.

పార్కులో బెంచీ మీద కూర్చుని మిగతా సగం చెప్పాను. 1811 సెప్టెంబరు 14 శాసనం. రైతు వెట్టి నుంచి బయటపడి భూమికి హక్కుదారు కావాలంటే దొరకి నష్టపరిహారం ఇవ్వాలి. డబ్బు లేదు కదా, భూమే ఇవ్వాలి. వంశపారంపర్య హక్కున్నవాడు మూడో వంతు, లేనివాడు సగం.

మావయ్య వేళ్ల మీద లెక్కేశారు. "ఇరవై ఎకరాలవాడు పదిచ్చి పది దక్కించుకుంటాడు. దొర పొలం పెరుగుతుంది. ఆ పది మీద బతకలేక వాడు మళ్లీ దొర దగ్గరికే కూలికొస్తాడు."

సరిగ్గా అదే జరిగింది. అదీ చాలక 1816 సవరణలో ఎద్దులో గుర్రాలో జత ఉన్న రైతులకే ఈ అవకాశమన్నారు. చిన్నవాళ్లు బయటే ఉండిపోయారు. భూమి శిస్తు మినహాయింపు దొరలకి 1861 దాకా సాగింది. మార్విట్స్ భయపడినట్టు దొరల రాజ్యం కూలలేదు, ఇంకా బలిసింది. ఆయన నెత్తీనోరూ కొట్టుకుని వద్దన్న చట్టమే ఆయన మనవల కాలానికి గట్లు చెరిపి పెద్ద చెక్కలు కట్టబెట్టింది. ఇంత తెలివైనవాడికి ఇది ఎందుకు కనపడలేదో నాకు అంతుపట్టదు. బహుశా ఆయనకి కావలసింది ఎకరాలు కాకపోవచ్చు. ఊళ్లో నడిచొస్తుంటే అందరూ టోపీ తీయడం కావాలి.

"మన 48 చట్టంలో జమీందార్లకి పరిహారం సర్కారిచ్చింది" అన్నారు మావయ్య. "ఇక్కడ రైతు చేతే ఇప్పించారు. గట్టివాళ్లే."

ఆ రాత్రి తెల్ల ఆస్పరాగస్, ఉడకబెట్టిన బంగాళాదుంపలు. మావయ్య ఆవకాయ సీసా తీశారు. పక్క టేబుల్‌వాళ్లు తలతిప్పి చూశారు.

ఆదివారం

బెర్లిన్ తిరిగొచ్చి, సామాను ఇంట్లో పడేసి, మెట్రోలో ష్పాండౌ కోట. స్టేషను పేరే కోట, ఎక్కువ నడిచే పని లేదు. చుట్టూ నీళ్లు, ఎర్ర ఇటుక బురుజులు, పాత యూలియుస్ బురుజు. హిట్లర్ సహచరుడు హెస్ ఉన్న జైలు ఇదేనా అని అడిగారు. కాదు, అది వేరే చోట, అది కూల్చేశారు. ఈ బురుజులో ఒకప్పుడు ఫ్రాన్సు దగ్గర గుంజిన సొమ్ములోంచి 12 కోట్ల బంగారు మార్కులు దాచారు. ఇప్పుడు ఈ కోటలో చలికాలం గబ్బిలాలు దాక్కుంటాయి.

1811 ఎండాకాలంలో మార్విట్స్‌ని ఐదు వారాలు ఉంచింది ఇక్కడే. లెబుస్, బేస్కో-ష్టోర్కో జిల్లాల దొరలందరి తరఫున రాజుకి అర్జీ పంపారు. మా హక్కులు మీ పూర్వీకులు మాతో చేసుకున్న ఒప్పందాలు, ఒక మంత్రి కలంపోటుతో రద్దు చేయడానికి లేదన్నది దాని సారం. రాసిన చెయ్యి ఎక్కువగా మార్విట్స్‌దే. హార్డెన్‌బెర్గ్ ఇద్దరిని పట్టించాడు. రెండోవాడు ఫింకెన్‌ష్టైన్ ప్రభువు, అరవై ఆరేళ్ల ముసలాయన. ఈయన్ని 1779లో ఫ్రెడెరిక్ కూడా ఉద్యోగం లోంచి పీకేశాడు, పిండిమర నడిపే ఒకాయనకి వ్యతిరేకంగా తన కోర్టు ఇచ్చిన తీర్పుని సమర్థించినందుకు. ఒకే మనిషి ఇద్దరు రాజుల కాలంలో రెండుసార్లు శిక్ష తిన్నాడు. మావయ్యకి ఈయన తెగ నచ్చేశాడు. "సస్పెన్షన్లు చూసిన మనిషి" అన్నారు.

అర్జీ విషయంలో ఒక మాట దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు. భూమి డబ్బున్న ఎవడైనా కొనొచ్చంటే మన పాత, పూజ్యమైన బ్రాండెన్‌బుర్గ్ కొత్తరకం యూదుల రాజ్యమైపోతుందని అందులో రాశారు. ఫ్రీడర్స్‌డార్ఫ్ చర్చిలో గొంతు సవరించుకుని నేను చదివిన వాక్యాన్ని, దీన్ని, పక్కపక్కన పెట్టుకోవాలి. రెండూ ఒకే చేత్తో రాసినవే. ఆ గౌరవం గురించి మాట్లాడే పుస్తకాలు చాలా వరకు రెండో వాక్యం దగ్గర గొంతు తగ్గిస్తాయి.

అదే మనిషి రెండేళ్లకి, 1813లో, హార్డెన్‌బెర్గ్ ప్రభుత్వం కోసమే మళ్లీ గుర్రమెక్కాడు. ఎర్రటి కవాతు దుస్తుల దళం కాదు ఈసారి, పొలాల నుంచి వచ్చిన రైతుబిడ్డల లాండ్‌వేర్ పటాలం. ఆగస్టు 27న హాగెల్‌బెర్గ్ దగ్గర వానలో తుపాకులు పేలకపోతే వాటి మడమలతోనే కొట్టుకున్నారు. 1815లో లింయీ, వావ్ర్ యుద్ధాల్లో ఈటెల గుర్రపుదళంతో ఉన్నాడు. తమ్ముళ్లలో ఎబర్‌హార్డ్ 1809లో ఆస్పెర్న్ యుద్ధం దెబ్బకి పోయాడు. అలెగ్జాండర్ 1814లో ఫ్రాన్సులో మోన్‌మిరాయ్ దగ్గర పోయాడు, ఇరవై ఏడేళ్లు నిండకుండా. ఈ అలెగ్జాండర్ యూదు రచయిత్రి రాహెల్‌కి ప్రాణస్నేహితుడు, ఇద్దరి ఉత్తరాలూ మిగిలాయి. అన్న అర్జీలో ఆ మాట రాసిన రోజుల్లోనే తమ్ముడు ఆవిడకి ఉత్తరాలు రాస్తున్నాడు. ఒకే ఇంట్లో.

కోటలో ఇప్పుడు ఒక వింత మ్యూజియం ఉంది. బెర్లిన్ వీధుల్లోంచి పీకేసిన విగ్రహాలు ఇక్కడ చేర్చారు. ముక్కులు విరిగిన రాజులు, చేతుల్లేని సేనాపతులు, వాళ్ల మధ్య నేల మీద పక్కకి ఒరిగి పడుకున్న పెద్ద లెనిన్ తల. ఎర్ర రాయి, మావయ్య భుజం దాకా వచ్చింది. తలని ముట్టుకోవచ్చు. ఆయన చెవి మీద చెయ్యి పెట్టి ఫోటో తీయమన్నారు. నలభై ఏళ్ల కిందట మావయ్య ఊళ్లో పంపిణీ ఉద్యమంలో జెండా పట్టుకున్నారని అప్పుడే మొదటిసారి చెప్పారు. "ఉద్యోగం వచ్చాక మానేశాను" అన్నారు, వేరే వివరం లేకుండా.

మార్విట్స్ 1827లో లెఫ్టినెంట్ జనరల్‌గా రిటైరై, ఫ్రీడర్స్‌డార్ఫ్‌లోనే పదేళ్లు బతికి, 1837 డిసెంబరులో పోయాడు. జ్ఞాపకాలు ఆయన పోయాక 1852లో అచ్చయ్యాయి. చివరిదాకా తను రైటేననే రాశాడు.

తిరుగు మెట్రోలో మావయ్య ఫోన్ మోగింది. ఊర్నుంచి, ఆయన తమ్ముడు. రైల్లో అందరికీ వినపడేలా మాట్లాడారు, నేను మెల్లిగా అన్నా వినలేదు. పెట్టేశాక కాసేపు ఏమీ అనలేదు.

"ఏమైంది మావయ్యా?"

"పక్కవాడు ట్రాక్టరుతో మన గట్టు మూరెడు జరిపాడట. అడిగితే, మీ వాడు తహసీల్దారు కదా, సర్వే పెట్టించుకోమను అన్నాడట."

"మరి?"

"సర్వేయర్ని నేను చూసుకుంటాలే" అన్నారు. వెంటనే ఎవరికో ఫోన్ కలిపారు.